పాత బస్తీ ఇంట్లో కొత్త రాతబల్ల

గృహాలంకరణకు సంబంధించి ఇటీవల తరచుగా వినవచ్చే మాటలలో రెట్రో మోడర్న్ ఒకటి. సుమారు 1930 నుంచి 1970 వరకు ఇళ్లలోనూ కార్యాలయాలలోనూ వాడుకలో ఉన్న ఆకృతులను, రంగులను, కర్ర సామానును నేటి సౌకర్యాలతో జతచేసి గదిని తీర్చిదిద్దే పద్ధతికి ఆ పేరు స్థిరపడింది. 1925లో పారిస్ నగరంలో జరిగిన అలంకార కళల ప్రదర్శన మూలంగా పేరు పొందిన ఆర్ట్ డెకో శైలిలోని వంపు మూలలు, నిలువు గీతలు ఈ పద్ధతికి ఒక మూలమైతే, 1950 దశకంలో చండీగఢ్ నగర నిర్మాణ సమయంలో వాస్తుశిల్పి పియరీ జన్నరే రూపొందించిన టేకు కుర్చీలు, వాటి పేము అల్లికలు మరొక మూలం. ఒకప్పుడు ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తాలు కూర్చున్న ఆ కుర్చీలే నేడు విదేశీ వేలంశాలలలో పెద్ద ధరలు పలుకుతున్నాయి. 2020 తరువాత ఇంటి నుంచే ఉద్యోగం చేయడం లక్షలాది కుటుంబాలకు నిత్యకృత్యం కావడంతో, ఇంట్లో ఒక గదినో ఒక మూలనో కార్యాలయంగా మార్చుకోవలసిన అవసరం ఏర్పడి, ఈ శైలికి కొత్త గిరాకీ వచ్చింది.

ఇదే విషయాన్ని హైదరాబాద్ పాత బస్తీ నుంచి పరిశీలిస్తే ప్రశ్న వేరుగా కనిపిస్తుంది. కొత్తగా కట్టిన అపార్ట్‌మెంటులో పాతదనాన్ని వస్తువుల రూపంలో కొని తెచ్చుకోవాలి. 1591లో చార్మినార్‌తో పాటు రూపుదిద్దుకొన్న ఈ నగరభాగంలో అది గోడలోనూ, గడపలోనూ, నేలలోనూ, వెలుతురు గదిలోకి వచ్చే దారిలోనూ ముందే ఉంది. అందువల్ల పాత బస్తీ ఇంటికి రెట్రో మోడర్న్ అలంకరణ దుకాణంలో ప్రారంభం కాదు. ఉన్న ఇంటిని చదవడం దగ్గర ప్రారంభమవుతుంది. గోడ, నేల, వెలుతురు, గాలి అనే నాలుగింటి పాత లక్షణాన్ని చెడగొట్టకుండా, వాటి మధ్య నేటి పనికి కావలసిన బల్లను, దీపాన్ని, తీగలను అమర్చడమే ఇక్కడ అలంకారం. ఆ తరువాత కొనే వస్తువు చిన్నదైనా చాలు.

పాత బస్తీలోని పెద్ద ఇళ్లను దేవిడీలు అంటారు. అమీరులు, జాగీర్దార్లు, దఫ్తర్ల అధిపతులు నివసించిన, ఎత్తైన ప్రహరీ, పెద్ద దర్వాజా గల గృహసముదాయమే దేవిడీ. దాని నడుమ సెహన్ అనే ఆరుబయలు ముంగిలి, ఆ ముంగిలికి అభిముఖంగా దాలాన్ అనే కమానుల వసారా, దాలాన్ వెనుక గదులు ఉంటాయి. తెలుగు పల్లెలలోని మండువా లోగిలి ఎరిగినవారికి ఈ అమరిక కొత్తగా తోచదు. రెండింటిలోనూ ఇంటి నడిబొడ్డున ఆకాశాన్ని నిలుపుకొని, ఎండను నేరుగా గదిలోకి రానీయకుండా వెలుతురును మాత్రం రానిచ్చే ఉపాయమే ఉంది. దేవిడీలో స్త్రీలు, కుటుంబ సభ్యులు మెలగే భాగం జెనానా. బయటివారితో వ్యవహారం నడిచే భాగం మర్దానా. మర్దానాలోని ముఖ్యమైన గది దివాన్‌ఖానా. అక్కడే అర్జీలు విన్నారు, లెక్కలు చూశారు, ఉత్తరాలు రాయించారు. ఇంటిలోని కార్యాలయం పాత బస్తీకి కొత్త ఏర్పాటు కాదని చెప్పడానికి ఈ ఒక్క గది చాలు.

దీనికి ఇంకా బలమైన చారిత్రక సాక్ష్యాలు ఉన్నాయి. 1853 నుంచి 1883 వరకు నిజాం రాజ్యంలో దివానుగా, అంటే ప్రధానమంత్రిగా పనిచేసిన మొదటి సాలార్‌జంగ్ నివాసం దివాన్ దేవిడీ. నివాసం, రాజ్య వ్యవహారం ఒకే ఆవరణలో నడిచిన స్థలం అది. అదే భవనంలో 1951 డిసెంబరు 16న సాలార్‌జంగ్ మ్యూజియం ప్రారంభమై, 1968లో మూసీ ఒడ్డున ఉన్న ఇప్పటి భవనానికి మారింది. సాలార్‌జంగ్ దివాను కావడానికి ముందు కాలంలో నిజాం రాజ్యపు ఆదాయ లెక్కల విభాగాలైన దఫ్తర్-ఎ-దివానీ, దఫ్తర్-ఎ-మాల్ వంశపారంపర్యంగా రెండు కుటుంబాల చేతిలో ఉండేవి. ఆ కుటుంబాలవారు రాజ్యపు దస్తావేజులను తమ ఇళ్లలోనే భద్రపరచేవారు. ఆ దస్తావేజులను ఇళ్ల నుంచి ప్రభుత్వ అధీనంలోకి తేవడం సాలార్‌జంగ్ చేపట్టిన పాలనా సంస్కరణలలో ఒక భాగం. దఫ్తర్-ఎ-మాల్‌ను నిర్వహించిన మాల్‌వాలా కుటుంబం పేరుతో ప్రసిద్ధమైన మాల్‌వాలా ప్యాలెస్, చెక్కడపు పని గల కర్ర స్తంభాలకు పేరెన్నికగన్నది. 2000 ప్రాంతంలో దానిని కూల్చివేశారు. ఇంటిని, కార్యాలయాన్ని ఒకే కప్పు కింద నడిపిన ఒక కుటుంబపు వాస్తు నమూనా అలా మాయమైపోవడం, నేడు ఇంట్లో పనిగది ఎలా ఉండాలని వెదుకుతున్న నగరానికి చిన్న నష్టం కాదు.

దివాన్‌ఖానాలో పని నడిచిన తీరు నేటి పనిగదికి కొంత నేర్పుతుంది. నేల నుంచి కొద్దిపాటి ఎత్తులో ఉండే వెడల్పైన కర్ర వేదికను తఖ్త్ అంటారు. దాని మీద పరుపు, తెల్లని దుప్పటి, వీపుకు ఆనించుకొనే గుండ్రని బాలీసు, ఎదుట వాలుగా ఉండే మూతతో చిన్న రాతపెట్టె ఉండేవి. మూత వాలుగా ఉండటం వల్ల కాగితం కంటికి దగ్గరగా లేచి వచ్చి మెడ వంచవలసిన అవసరం తగ్గేది. మూత కింద కలాలు, సిరాబుడ్లు, కాగితాలు ఇమిడిపోయేవి. ల్యాప్‌టాప్ తెరను ఎత్తి నిలిపే నేటి స్టాండు పనిచేసేదీ ఈ సూత్రం మీదనే. రోజంతా తఖ్త్ మీద కూర్చొని కంప్యూటరు పనిచేయడం నడుముకు మంచిది కాదు గాని, చదువుకోవడానికీ, ఫోనులో సుదీర్ఘమైన సమావేశాలు వినడానికీ, మధ్యాహ్నం కాసేపు నడుము వాల్చడానికీ పనిగదిలో తఖ్త్ కంటే అనువైన సామాను లేదు. రాత్రి అతిథికి మంచంగా కూడా అది ఉపయోగపడుతుంది.

సంపన్నుల ఇళ్లలో పాతకొత్తల మేళవింపు ఎంత ధైర్యంగా జరిగిందో చూడాలంటే చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లాలి. 1750లో మొదలై, నిజాం అఫ్జలుద్దౌలా పాలించిన 1857–1869 కాలంలో పూర్తయిన ఆ సముదాయంలోని ఖిల్వత్ ముబారక్ దర్బారు మందిరంలో సున్నపు పూత మీద తీర్చిన లతల నడుమ 19 బెల్జియం స్ఫటిక దీపగుచ్ఛాలు వేలాడుతున్నాయి. కమానులు దక్కనీ రీతివి, దీపాలు యూరపువి. అయినా ఒకదానితో ఒకటి పోటీ పడవు. గోడలు, స్తంభాలు, పైకప్పు అన్నీ ఒకే లేతవన్నెలో ఉండి, మెరిసే బాధ్యతను దీపాలకు మాత్రమే వదిలిపెట్టడం అందుకు కారణం. గదిలో ఒక్క వస్తువు మాత్రమే గొంతెత్తాలి, మిగిలినవి వినాలి అనే నియమానికి ఇంతకంటే మంచి పాఠం నగరంలో దొరకదు. జీర్ణోద్ధరణ జరిగి 2005లో సందర్శకులకు తెరుచుకొన్న ఈ ప్యాలెస్‌కు 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం లభించింది.

అక్కడికి కొద్ది దూరంలోని పురానీ హవేలీలో ఇంతకంటే ఆచరణయోగ్యమైన ఉదాహరణ ఉంది. 1869 నుంచి 1911 వరకు నిజాంగా ఉన్న మహబూబ్ అలీ ఖాన్ దుస్తుల కోసం ఏర్పరచిన టేకు అల్మరాల వరుస ప్రపంచంలోని అతి పొడవైన దుస్తుల బీరువాలలో ఒకటిగా ప్రసిద్ధి పొందింది. అది రెండు అంతస్తులుగా ఉంటుంది. పై అంతస్తుకు చేరడానికి చేతితో తిప్పే కర్ర లిఫ్టు ఉంది. పాత బస్తీ గదులకు నేల తక్కువ, ఎత్తు ఎక్కువ. గోడ పొడవునా నేల నుంచి పైకప్పు వరకు కర్ర అరలు నిలిపి, పై అరలలో అరుదుగా అవసరమయ్యే ఫైళ్లను ఉంచి, ఒక నిచ్చెనను పక్కన ఆనించుకొంటే, పది అడుగుల వెడల్పు గల గది కూడా కార్యాలయానికి సరిపోతుంది. నిజాం అల్మరాలలో ఇమిడి ఉన్న యుక్తి ఇదే. దాన్ని అనుకరించడానికి రాజుల ఖజానా అక్కరలేదు.

అయితే రెట్రో అనే మాటకు సరిగ్గా సరిపోయే సామాను ప్యాలెస్‌లలో కంటే మధ్యతరగతి ఇళ్లలోనే ఎక్కువగా ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద నగరంలో వేలమంది ప్రాణాలను, ఇళ్లను తుడిచిపెట్టిన తరువాత, నగర పునర్నిర్మాణానికి ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు విశాలమైన రోడ్లు వేసింది, పత్తర్‌గట్టీలో రాతి కమానుల దుకాణాల వరుసలు కట్టించింది. ఆ కాలం నుంచి 1960 దశకం వరకు కట్టిన చిన్న ఇళ్లలో షాబాదు బండల నేలలు, పేము అల్లిన వాలుకుర్చీలు, గాజు తలుపుల పుస్తకాల బీరువాలు, రంగు అద్దాల వెంటిలేటర్లు సర్వసాధారణం. 1942లో హైదరాబాద్ రాజ్యపు పారిశ్రామిక నిధి తోడ్పాటుతో వెలసిన ఆల్విన్ సంస్థ సనత్‌నగర్‌లో తయారుచేసిన ఇనుప బీరువాలు, కార్యాలయపు కుర్చీలు, బల్లలు తరువాతి దశాబ్దాలలో నగరమంతటా వ్యాపించాయి. గుండ్రని అంచులు, ఇత్తడి వన్నె పిడి, లోపల అద్దం ఉన్న ఆ బీరువాను చాలా కుటుంబాలు పాత ఇనుముగా తూకానికి అమ్మివేశాయి. తుప్పు గీకించి, ముదురు ఆకుపచ్చ లేదా బూడిదరంగు ఎనామెల్ వేయిస్తే, అదే బీరువా పనిగదిలో ఫైళ్లకు, ప్రింటరుకు, విడి తీగలకు దృఢమైన నెలవు అవుతుంది. విదేశాలలో పారిశ్రామిక శైలి పేరుతో ఖరీదుగా అమ్ముడయ్యే సామానుకు ఇది స్వదేశీ తోబుట్టువు. దానిలో హైదరాబాద్ పరిశ్రమ చరిత్ర కూడా ఉంది.

పాత రేడియోల విషయమూ ఇటువంటిదే. 1935లో నిజాం ప్రభుత్వ అధీనంలోకి వచ్చిన దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో విలీనమయ్యే వరకు నగరపు ఇళ్లకు చేరినది కర్ర పెట్టెలలో అమర్చిన వాల్వు రేడియోల ద్వారానే. చెడిపోయి బాగుచేయడానికి వీలుకాని పెట్టెలో కొత్త స్పీకరు అమర్చుకోవడంలో తప్పు లేదు. పనిచేస్తున్న రేడియో పొట్ట చీల్చి, అందం కోసం కేవలం పెట్టెను నిలుపుకోవడం మాత్రం వస్తువు పట్ల మర్యాద అనిపించుకోదు.

ఇక గోడ. పాత బస్తీ అలంకరణలో అత్యధికంగా పొరపాట్లు జరిగే స్థలం ఇదే కనుక కొంత వివరంగా చెప్పుకోవలసి ఉంది. ఈ ప్రాంతపు పాత గోడలు రాయి, ఇటుక, డంగు సున్నంతో కట్టినవి. కాల్చిన సున్నపురాయిని నీటిలో విరియబోసి, ఇసుక కలిపి, గానుగలో మెత్తగా నూరిన మిశ్రమమే డంగు సున్నం. పూత పనితనాన్ని బట్టి దానిలో ఇటుక పొడి, బెల్లపు నీరు, కరక్కాయ నానిన నీరు వంటివి చేర్చేవారు. ఈ సున్నానికి సన్నని రంధ్రాలు ఉండటం వల్ల, నేల నుంచి గోడలోకి పాకిన చెమ్మ పూత గుండా ఆవిరై బయటకు పోతుంది. అటువంటి గోడ మీద సిమెంటు పూత గాని, ప్లాస్టిక్ పొరలా అతుక్కొనే ఎనామెల్ రంగు గాని వేస్తే చెమ్మకు దారి మూసుకుపోయి, అది గోడలోనే నిలిచి, ఉప్పును పైకి నెట్టి, రెండు మూడు వానాకాలాలలో పూతను పెచ్చులుగా రాలుస్తుంది. అప్పుడు యజమాని గోడ పాతబడిపోయిందని నిందించి, దాని మీద మరింత సిమెంటు వేయిస్తాడు. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు చేపట్టిన జీర్ణోద్ధరణలో ముఖ్యమైన పని, ఇరవయ్యో శతాబ్దంలో పూసిన సిమెంటును ఊడదీసి సంప్రదాయపు సున్నాన్ని తిరిగి పూయడమే. ఆ చారిత్రక కట్టడాలకు వర్తించిన సూత్రం సాధారణ గృహస్థు పనిగదికీ వర్తిస్తుంది.

సున్నపు గోడకు రంగు అక్కరలేదని దీని అర్థం కాదు. వెల్లసున్నంలో పసుపు మట్టి, జేగురు వంటి మట్టి రంగులు కలిపి రెండు మూడు పలుచని పూతలు వేస్తే, గోడకు లోపలి నుంచి వచ్చినట్లు ఉండే మృదువైన వన్నె వస్తుంది. సున్నపు ఘాటుకు ఈ మట్టి రంగులు వెలిసిపోవు. ఏ రంగు పక్కన ఏది నప్పుతుందో తెలుసుకోవడానికి పాత బస్తీలోనే ఒక గొప్ప గ్రంథం గోడలకెక్కి ఉంది. మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన బాద్‌షాహీ అషుర్‌ఖానాలో 1611లో పూర్తయిన మెరుగు పలకల అలంకరణలో ముదురు నీలం, ఆవపిండి పసుపు, ఆకుపచ్చ, తెలుపు ఒకదాని పక్కన ఒకటి నాలుగు శతాబ్దాలుగా నిలిచి ఉన్నాయి. రెట్రో శైలిని ఇష్టపడేవారు విదేశీ పత్రికలలో చూసి ఎంచుకొంటున్న ఆవపసుపు, నెమలి నీలం జంట ఇదే. పవిత్ర స్థలపు ఆకృతులను ఇంటి గోడకు ఎత్తుకురావడం ఉచితం కాదు. రంగుల పొందికను నేర్చుకోవడంలో మాత్రం అభ్యంతరం ఉండదు. కూర్చొని పనిచేసే గదిలో మూడు గోడలను తెల్లసున్నంతో వదలి, కూర్చొన్నవారి ఎదుటి గోడకు మాత్రమే లేత పసుపు మట్టి రంగు వేస్తే, తెర మీద కనిపించే సమావేశాలలో ముఖానికి చల్లని నీడ పడకుండా ఆహ్లాదమైన వెలుగు వస్తుంది.

నేల విషయంలో సలహా క్లుప్తమే. పూర్వపు నిజాం రాజ్యంలో భాగమై, నేడు కర్ణాటకలోని కలబురగి జిల్లాలో ఉన్న షాబాదు నుంచి వచ్చిన బూడిదరంగు బండలు, వికారాబాద్ జిల్లాలోని తాండూరు నుంచి వచ్చిన నీలి, పసుపు బండలు పాత బస్తీ నేలలలో చాలా వరకు ఉన్నాయి. పాలరాతి ముక్కలను సిమెంటులో పొదిగి నునుపు చేసిన మొజాయిక్ నేలలు వాటి తరువాతి తరానివి. వీటిని పగలగొట్టి మెరిసే టైల్స్ పరచడం కంటే, నేలను శుభ్రంగా కడిగించి, సందులు పూడ్పించి, తిరిగి పాలిష్ పట్టించడం చవక, అందం కూడా. వేసవిలో ఆ బండల చల్లదనాన్ని ఏ టైలూ ఇవ్వదు.

ఇప్పుడు పనిగది అమరిక. ముందుగా వెలుతురు వచ్చే దిక్కును చూసి బల్ల స్థానాన్ని నిర్ణయించాలి. కిటికీ గాని ముంగిలి వైపు తలుపు గాని పక్క నుంచి వెలుతురు ఇచ్చేటట్లు, కుడిచేతివాటం వారికి ఎడమ నుంచి వచ్చేటట్లు బల్ల వేయాలి. కిటికీకి ఎదురుగా కూర్చొంటే వెలుగు కళ్లకు మిరుమిట్లు గొలుపుతుంది, వీపు పెట్టి కూర్చొంటే తెర మీద వెలుగు పడి అక్షరాలు కనిపించవు. దాలాన్ ఉన్న ఇంట్లో దాని లోపలి అంచు ఉత్తమమైన చోటు. ఎండ అక్కడికి చేరదు, సెహన్ నుంచి ప్రతిఫలించిన వెలుతురు మాత్రం రోజంతా అందుతుంది. బల్ల పాతదైనప్పుడు ఎత్తును తప్పక కొలుచుకోవాలి. పాత కార్యాలయపు బల్లలు సాధారణంగా 30 అంగుళాల ఎత్తులో ఉండి, చేతితో రాయడానికి అనువుగా తయారైనవి. కీబోర్డు మీద వేళ్లు ఆడించడానికి చాలామందికి ఆ ఎత్తు ఎక్కువై భుజాలు పైకి లేస్తాయి. బల్ల కాళ్లు కోయించడం కంటే, బల్ల కింద జరుపుడు పలక ఒకటి బిగించుకొని కీబోర్డును దాని మీద ఉంచడం మేలు. పాత సామాను అంగహీనం కాకుండా శరీరం సుఖపడుతుంది. తెర పై అంచు కంటికి సమానమైన ఎత్తులో, చేయి చాచినంత దూరంలో ఉండాలి. కుర్చీ మీద కూర్చొన్నప్పుడు పాదాలు నేలకు ఆనకపోతే కాళ్ల కింద పీట వేసుకోవాలి.

కుర్చీ దగ్గర మాత్రం పాతదనం మీద మమకారాన్ని పక్కన పెట్టాలి. పేము అల్లిన టేకు కుర్చీ గాలి ఆడనిస్తుంది కనుక హైదరాబాద్ ఎండలలో గంటసేపు కూర్చోవడానికి హాయిగానే ఉంటుంది. దినానికి ఎనిమిది గంటలు పనిచేసేవారికి నడుము దగ్గర ఊతం, ఎత్తు మార్చుకొనే వీలు ఉన్న నేటి కుర్చీయే తగినది. పాత కుర్చీని వచ్చినవారికి కేటాయించి, పనిచేసేవారు కొత్త కుర్చీలో కూర్చోవడం న్యాయమైన పంపకం. కొత్త కుర్చీ నల్లని ప్లాస్టిక్ రూపం గదికి నప్పలేదనిపిస్తే, పుట్టపాకలో నేసే తేలియా రుమాలు గాని, పోచంపల్లి ఇక్కత్ బట్ట గాని దాని వీపు మీద తొడుగుగా కుట్టించుకోవచ్చు.

పాత ఇళ్లలో తీగల సమస్య ప్రత్యేకమైనది. రాతి, సున్నపు గోడలు రెండడుగుల వరకు మందంగా ఉండటం వల్ల వీధి శబ్దం లోపలికి రాదు, అది పనికి వరం. ఆ మందమే వైఫై సంకేతాన్ని కూడా అడ్డుకొంటుంది. రూటరు ఒక గదిలో, బల్ల మరొక గదిలో ఉంటే ఇంటర్నెట్టు నీరసించడం ఖాయం. నడుమ ఇనుప బీరువా గాని, నిలువెత్తు అద్దం గాని ఉంటే పరిస్థితి మరింత దిగజారుతుంది. తలుపు చట్రం అంచు వెంబడి ఒక తీగను బల్ల వరకు లాగడమే దీనికి నమ్మకమైన పరిష్కారం. విద్యుత్తు తీగల కోసం సున్నపు గోడను గాడి కొట్టించడం పెద్ద పొరపాటు. ఆ దెబ్బకు చుట్టుపక్కల పూత వదులై రాలుతుంది. పూర్వం కర్ర పట్టీల మీద తీగలను వరుసగా బిగించి గోడ పైనే నడిపించేవారు. అదే పద్ధతిలో నేటి భద్రతా ప్రమాణాలకు తగిన తీగలను గోడ పైనే గొట్టాలలోనో పట్టీలలోనో నడిపించి, ఇత్తడి వన్నె స్విచ్చులు అమర్చితే, అవసరం కోసం వేసినదే అలంకారమై నిలుస్తుంది. పాత స్విచ్చులను, గుడ్డ చుట్టిన పాత తీగలను మాత్రం చూడముచ్చటగా ఉన్నాయని వాడుకలో ఉంచకూడదు. వాటిని మార్చకపోతే అగ్నిప్రమాదానికి చేజేతులా తావిచ్చినట్లే.

దేవిడీలు, దాలాన్లు లేని కుటుంబాల సంఖ్యే పాత బస్తీలో ఎక్కువ. మొఘల్‌పురాలోనో, శాలిబండ గల్లీలోనో రెండు గదుల వాటాలో అద్దెకు ఉండి, ఆ గదులలోనే పిల్లల చదువు, కుట్టుమిషను, అతిథులు, ఉద్యోగం అన్నీ సాగవలసినవారికి ఈ శైలి పనికిరాదని భావించడం సరికాదు. నిజానికి వారికే ఎక్కువగా పనికివస్తుంది. పాత గోడలలో ఉండే గూళ్లను, ఉర్దూలో తాఖ్‌లు అని పిలిచే వాటిని, పుస్తకాలకూ రూటరుకూ దీపానికీ నెలవుగా వాడుకోవచ్చు. గోడ మందంలోనే ఉంటాయి కనుక అవి నేల మీద అంగుళం చోటు కూడా తీసుకోవు. గూటి కింద బందులతో మడిచే బల్ల ఒకటి బిగిస్తే, పని ముగిసిన తరువాత గోడకు ముడుచుకుపోయి గది తిరిగి ఇంటివారి చేతికి వస్తుంది. పాత టేకు తలుపు రెక్క ఒకటి ఇందుకు చక్కగా సరిపోతుంది. నేల మీద ఓరుగల్లు జంపఖానా ఒకటి పరిస్తే పని చోటుకు హద్దు ఏర్పడుతుంది. ఆ జంపఖానా మీద ఉన్నంతసేపు అమ్మనో నాన్ననో పిలవకూడదని చిన్నపిల్లలు కూడా త్వరగా గ్రహిస్తారు.

పాత సామాను కొనదలచినవారికి పాత బస్తీ పెద్ద సంత. పురానీ హవేలీ పరిసరాలలోని పాత కర్ర సామాను దుకాణాలు, పురానాపూల్ వైపు గురువారాలు సాగే జుమ్మెరాత్ బజారు, హర్రాజు అని తెలంగాణలో పిలిచే వేలం పాటలు ఇందుకు ప్రసిద్ధం. కొనే ముందు సామానును తలకిందులు చేసి చూడాలి. కాళ్ల అడుగున, సొరుగుల వెనుక, కీళ్ల దగ్గర చెద మట్టి గాని, పిండిలా రాలే పొడి గాని ఉంటే పురుగు ఇంకా లోపల ఉండే అవకాశం ఉంది. పాత టేకు బరువుగా ఉంటుంది, గోటితో గీరినచోట నూనె వాసన వస్తుంది, లోపలి భాగాలలో కూడా అదే కర్ర కొనసాగుతుంది. పైన పలుచని టేకు పొర అతికించి లోపల నాసిరకం చెక్క వాడిన సామాను సొరుగు లాగగానే బయటపడుతుంది. కొన్న తరువాత దట్టమైన మెరుపు వార్నిషు కొట్టించకుండా, లక్కను స్పిరిట్‌లో కరిగించి గుడ్డతో అద్దే చపడా పాలిష్ చేయించడం మంచిది. కర్ర నారలు కనిపిస్తూనే ఉంటాయి, రేపు గీత పడితే ఆ చోటును మాత్రమే బాగుచేసుకోవచ్చు. పేము అల్లిక తెగినప్పుడు ప్లాస్టిక్ తీగతో మార్పించే అలవాటు పెరిగింది. పేము అల్లే చేతులకు పని దొరకకపోతే ఆ విద్య ఇంకొక తరం దాటి రాదు కనుక, కొంత ఖర్చు ఎక్కువైనా అసలు పేముతోనే అల్లించడం ధర్మం.

అలంకారపు వస్తువుల గురించి చివరికి ఒక మాట సరిపోతుంది. జింకు, రాగి మిశ్రమపు పాత్రలో వెండి తీగను పొదిగి, బీదర్ కోట మట్టి సాయంతో నేలవన్నె నల్లగా మార్చే బిద్రీ పనిలో, కలాలు ఉంచే కలందాను ఒకటి గాని, చేర్యాల నకాషీ చిత్రపటం ఒకటి గాని బల్ల దగ్గర ఉంటే చాలు. రెండూ ఒకే గోడ మీద, ఒకే బల్ల మీద చేరితే గది ప్రదర్శనశాల అవుతుంది. అక్కడ పని సాగదు.

ఈ శైలికి పెరుగుతున్న గిరాకీ వల్ల ఒక ప్రమాదం కూడా వచ్చిపడింది. దేవిడీలు వారసుల మధ్య చీలిపోయి, మరమ్మతు భారమై, ఒక్కొక్కటే కూలుతున్నప్పుడు వాటి దర్వాజాలు, చెక్కడపు స్తంభాలు, కమానులు, రంగు అద్దాల వెంటిలేటర్లు విడివిడిగా అమ్ముడై, దూరపు భవంతులలో గోడకు ఆనించిన అలంకారాలుగా మారుతున్నాయి. నిలిచి ఉన్న ఇంటి నుంచి దర్వాజాను ఊడదీసి కొనడం ఆ ఇంటి కూల్చివేతకు బయానా ఇవ్వడమే. ఇప్పటికే కూలిపోయిన ఇంటి కర్ర మట్టిపాలు కాకుండా బల్లగానో అరగానో మారడం వేరు, అది మెచ్చదగినదే. అందువల్ల పాత సామాను కొనేవారు అది ఎక్కడి నుంచి వచ్చిందని దుకాణదారును అడిగి తెలుసుకోవాలి, ఉన్న ఇంటి భాగమని తేలితే కొనకుండా వెనుదిరగాలి. పాత ఇంటి యజమానులు మరమ్మతుకు పూనుకొనే ముందు ప్రతి తలుపును, ప్రతి గూటిని కొలతలతో సహా ఫొటో తీసి ఉంచుకోవాలి. సిమెంటు మేస్త్రీని పిలిచే ముందు డంగు సున్నం పని తెలిసిన మేస్త్రీని ఒక్కసారి ఇంటికి రప్పించి, గోడ చూపించి, ఖర్చు అంచనా అడగాలి.